ఈసారి అవార్డు ఎవరి వంతు

ఉప్పుతిప్పలో సినిమా అవార్డు ఎవరికి వస్తుందో తెలుసుకోవాలంటే నరసయ్యను అడగాలి. ఆ సినిమాలు ఆయన చూశాడా అని ఎవరూ అడగరు. చూడలేదని అందరికీ తెలుసు. ఆయన ఆఖరుసారి హాల్లో కూర్చుని సినిమా చూసింది సూళ్ళూరుపేటలో. అదీ ఇంటర్వెల్ దాకానే. ఆ తర్వాత బస్సు దొరకదని లేచి వచ్చేశాడు. అయినా ఏటా వెండికెరటం అవార్డులకు పోటీలో ఉన్నవాళ్ళ లిస్టు పేపర్లో పడిందంటే చాలు, పులికాట్ సరస్సు ఒడ్డునున్న మూడు నాలుగు జాలరి కుప్పాల నుంచి మనుషులు ఆయన పంచలోకి వచ్చి కూర్చుంటారు. తడలో టీకొట్టు పెట్టుకున్నాయన పనిగట్టుకుని ఫోన్ చేస్తాడు.

నరసయ్య అడిగే ప్రశ్నలు మూడే. ఈయన ఎన్నేళ్ళ నుంచి వేషాలు కడుతున్నాడు? లిస్టులోకి ఎన్నిసార్లు ఎక్కాడు? ఇంతకు ముందు తీసుకున్నాడా, లేదా? జవాబులు విని, కళ్ళు మూసుకుని, తువ్వాలుతో మోకాలి మీద ఒక్కటి కొట్టుకుని చెబుతాడు: "ఈసారి ఈయన వంతు." పోయిన ఏడు అయిదింటిలో నాలుగు కుదిరాయి. అంతకు ముందేడు అయిదుకు అయిదూ.

ఈ తెలివి ఆయనకు సరస్సు నుంచి వచ్చింది. ఉప్పుతిప్ప ముందు నీళ్ళలో రొయ్య బాగా నడిచే తావులు మూడు. కొయ్యలు పాతి వల కట్టాలంటే అక్కడే కట్టాలి. ఊళ్ళో అందరూ ఒకేసారి దిగితే తలకాయలు పగులుతాయి. అందుకని రోజుకు మూడు ఇళ్ళ చొప్పున వంతులు పెట్టుకున్నారు. నలభై ఒక్క ఇళ్ళు. ఎవరి వంతు ఏ రోజో రాసిన పుస్తకం నరసయ్య తండ్రి దగ్గరుండేది, ఇప్పుడు నరసయ్య దగ్గరుంది. ముప్పై ఏళ్ళలో ఆ పుస్తకం గురించి ఒక్క కొట్లాట జరగలేదు. కాబట్టి సినిమావాళ్ళ దగ్గర కూడా అటువంటి పుస్తకం ఉంటుందని ఆయన గట్టిగా నమ్మాడు.

"యాడో ఒక పెద్దాయన పుస్తకం పెట్టుకుని కూర్చోనుంటాడు. లేకపోతే అంతమంది హీరోలు కొట్టుకోకుండా ఎట్టా ఉంటారు?" అనేవాడు.

ఈ మాట వినపడితే ధనలక్ష్మికి ఒళ్ళు మండేది. ఉప్పుతిప్పలో డిగ్రీ చదివిన మొదటి మనిషి ధనలక్ష్మి. బి.కాం. పాసై నాయుడుపేటలో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెబుతోంది. సినిమా అంటే చిన్నప్పటి నుంచీ ఇష్టం. ఆ ఇష్టం నాన్న చెంచయ్య నేర్పిందే. రొయ్య బాగా పడిన వారం ఆయన కూతుర్ని సైకిల్ ముందు కూర్చోబెట్టుకుని సినిమాకు తీసుకెళ్ళేవాడు. వచ్చేటప్పుడు దారి పొడుగునా ఎవరు బాగా చేశారో ఇద్దరూ మార్కులు వేసుకునేవాళ్ళు. ఇప్పటికీ ఆమె దగ్గర ఒక నోటుబుక్కుంది. ఏడవడానికి ఇన్ని, మాట్లాడకుండా నిలబడటానికి ఇన్ని, గొంతుకు ఇన్ని అని ఇరవైకి మార్కులు.

"ఎదురుచూసినందుకు ఇచ్చేది అవార్డు కాదు పెదనాయనా, బస్సులో సీటు," అని ఆయనతో చాలాసార్లు అంది. నరసయ్య నవ్వేవాడు. ఎందుకంటే ఆయన చెప్పినవే కుదిరేవి, ఆమె నోటుబుక్కు ఎప్పుడూ ఓడిపోయేది.

నిజానికి ఆమెకు నరసయ్యతో ఉన్న పేచీ సినిమాలది కాదు. రెండేళ్ళ కింద చెంచయ్య చనిపోయాడు. వంతుల పుస్తకంలో పదిహేడో పేరు ఆయనది. దినాలు అయిపోయిన మర్నాడు నరసయ్య స్కేలు పెట్టి ఆ పేరు మీద గీత కొట్టాడు. ఊరి పద్ధతి అది. మగాయన పోతే కొడుకు పేరు ఎక్కుతుంది, కొడుకు లేకపోతే వంతు పోతుంది. ధనలక్ష్మికి తోడబుట్టినవాళ్ళు లేరు. వల ఉంది, పడవ ఉంది, వంతు రోజు దిగడానికి మేనమామ సుబ్బు సిద్ధంగా ఉన్నాడు. లేనిది పేరొక్కటే. వల చూరు కింద వేలాడుతుంటే అమ్మ పేరమ్మ వేరేవాళ్ళ రొయ్యల్ని తట్టలో పెట్టుకుని సూళ్ళూరుపేట బజారుకు పోయి అమ్ముకొస్తోంది. అమ్మ పేరు పుస్తకంలో రాయమని ధనలక్ష్మి రెండుసార్లు అడిగింది. నరసయ్య రెండుసార్లూ ఒకటే చెప్పాడు.

"నాకేం లేదమ్మణ్ణీ. మా నాయన నాడు కూడా ఇంతే. పద్ధతి."

ఆయన చెడ్డవాడైతే బాగుండేది. కోపం పెట్టుకోవడానికి వీలుగా ఉండేది. చెంచయ్య పోయిన నెలంతా ఆ ఇంటికి అన్నం వచ్చింది నరసయ్య ఇంటి నుంచే.

ఈ ఏడు లిస్టు ఆదివారం పేపర్లో పడింది. పొద్దున్నే నరసయ్య పంచలో పదిమంది చేరారు. ఎదురింటి వాకిట్లో పేరమ్మ ఎండుచేపలు ఏరుకుంటోంది. పేపరు గబగబా చదవగలిగింది ధనలక్ష్మి కాబట్టి ఆమెనే పిలిచారు.

"హాస్యనటుడు ఎవురెవురో చెప్పు," అన్నాడు నరసయ్య.

ఆమె పేర్లు చదివింది. ఆయన మూడు ప్రశ్నలూ అడిగాడు. ఎవరు ఎన్నిసార్లు లిస్టుకెక్కారో ధనలక్ష్మికి నోటికి వచ్చు. చెప్పింది. తువ్వాలు మోకాలి మీద పడింది. అయిదు పేర్లలో ముసలాయనను ఖాయం చేశాడు.

"ఆయన ఈసారి ఏం నవ్వించినాడు పెదనాయనా? ఇరవైకి ఆరు మార్కులు వేసినా నేను."

"నువ్వు వెయ్యి, ఆరు వెయ్యి, అరవై వెయ్యి. పదకొండేళ్ళు కూర్చోనుండాడు మనిషి. ఇవ్వకుండా లేపి పంపిస్తారా?"

కుల పెద్దల్లో ఒకాయన మాలకొండయ్య వక్కాకు నములుతూ అన్నాడు. "అమ్మాయి చదివింది బి.కాం. నువ్వు చదివింది రొయ్య. యాడ గెలుస్తది?"

అందరూ నవ్వారు. ధనలక్ష్మికి నవ్వు రాలేదు. పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

"అయితే ఒక మాట పెదనాయనా. ఈసారి పందెం. అయిదు అవార్డులు. నువ్వు చెప్పేవి ఒక పక్క, నేను చెప్పేవి ఒక పక్క. నావి ఎక్కువ కుదిరితే మాయమ్మ పేరు పుస్తకంలో రాయాల."

పంచలో నవ్వులు ఆగాయి. నరసయ్య తల అడ్డంగా ఊపాడు.

"వంతు పందెంలో పెట్టే వస్తువు కాదు మే. నాది కాదది, ఊరిది."

"అయితే పెద్దల్లో మాట ఎత్తు. మా పక్క మాట్లాడు. అంతే."

"మాట్లాడితే మాట్లాడతా. నేను గెలిస్తే నాకేం ఇస్తావు?"

ఆమె ఆలోచించలేదు అది. నరసయ్య లోపలికి వెళ్ళి వంతుల పుస్తకం తెచ్చి చూపించాడు. ఉప్పుగాలికి అట్ట ఉబ్బిపోయింది, మూలలు పొడిగా రాలుతున్నాయి.

"కొత్త పుస్తకంలో దీన్నంతా ఎత్తి రాయాల. నీ గుండ్రటి రాత నాకు ఇష్టం. నా కళ్ళు ఆనడం లేదు."

ఒప్పుకుంది. మాలకొండయ్య సాక్షి. ఒకే కాగితం మీద రెండు గళ్ళ పట్టీ గీసి ఇద్దరివీ రాయడం మొదలుపెట్టారు. సహాయ నటి దగ్గర ఇద్దరూ ఒకే పేరు చెప్పి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఉత్తమ నటి దగ్గర ఆయన పెద్దామెను చెప్పాడు, ఆమె మొదటి సినిమా చేసిన పిల్లను చెప్పింది. ఆఖరికి ఉత్తమ నటుడు వచ్చింది.

లిస్టులో అయిదు పేర్లు. అందులో గోవర్ధనం ఒకడు. ముప్పై ఏళ్ళు పోస్టుమాను, బంట్రోతు, హీరోయిన్ తండ్రి వేషాలు వేసినాయన. అరవయ్యో ఏట మొదటిసారి పెద్ద వేషం దొరికింది, రైలు గేటు కాపలాదారుది. సినిమా విడుదలయ్యే లోపే గుండె ఆగిపోయింది. ధనలక్ష్మి ఆ సినిమాను నాయుడుపేటలో రెండుసార్లు చూసింది. గేటు మూసి, రైలు పోయేదాకా, ఏమీ మాట్లాడకుండా నిలబడే సీను ఒకటుంది. చెంచయ్య వలవైపు చూస్తూ ఇలాగే నిలబడేవాడు. ఇరవైకి పంతొమ్మిది వేసింది. ఇరవై ఎవరికీ వేయకూడదని నాన్న చెప్పి ఉన్నాడు కాబట్టి.

"నాది గోవర్ధనం," అంది.

"ఆయన పోయినాడు గదా?"

"అయితే?"

"పోయినాయనకు వంతేంది? ఆ పేరు కొట్టెయ్ ముందు. నలుగురే ఉండారు లెక్కకు." నరసయ్య వేలుతో పేపరు మీద ఆ పేరుకు అడ్డంగా గీత లాగాడు, స్కేలు పెట్టినంత తిన్నగా. "నాది ఉజ్వల్. అయిదుసార్లు ఎక్కినాడు, ఒక్కసారీ తీసుకోలేదు."

ధనలక్ష్మి ఇంటివైపు చూసింది. ఎదురు వాకిట్లో పేరమ్మ ఎండుచేప ఒకటి ఎత్తి, కాకిని అదిలించి, మళ్ళీ తల వంచుకుంది. మాట వినపడిందో లేదో తెలియలేదు. ధనలక్ష్మి తన వైపు గోవర్ధనం అని రాసింది. కాస్త వత్తి రాసింది.

ఇంటికి వచ్చాక పేరమ్మ అంది. "నరసయ్య బావతో పందెమా? ఓడిపోయేదానికి నీకేం పనిలేదా?"

"ఎందుకు ఓడిపోతా?"

"నీ నోటుబుక్కు ఎన్నిసార్లు గెలిచింది చెప్పు."

మూడు వారాల తర్వాత ఆదివారం సాయంత్రం అవార్డుల పండగ టీవీలో వచ్చింది. తుపాను షెల్టర్‌లో పెద్ద టీవీ ఉంది. ఊరంతా అక్కడే. ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క, మధ్యలో కుర్చీ వేసి నరసయ్యను కూర్చోబెట్టారు, ఆయనే ఎవరికో అవార్డు ఇవ్వబోతున్నట్టు. పందెం కాగితం మాలకొండయ్య జేబులో ఉంది. ఒక్కో అవార్డుకూ తీసి, టిక్కు పెట్టి, మళ్ళీ మడిచి జేబులో పెట్టుకుంటున్నాడు.

హాస్యనటుడి అవార్డు ముసలాయనకే వచ్చింది. ఆయన మైకు దగ్గర కళ్ళజోడు తుడుచుకుంటూ, "పదకొండేళ్ళు," అన్నాడు. షెల్టర్‌లో ఈలలు పడ్డాయి. "విన్నావా మే, లెక్క ఆయన కూడా పెట్టుకునే ఉండాడు," అన్నాడు నరసయ్య.

సహాయ నటి ఇద్దరికీ కుదిరింది. సహాయ నటుడు నరసయ్యది. ఉత్తమ నటి పేరు పిలిచేటప్పుడు ధనలక్ష్మి రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది. పెద్దామె లేచింది. అది కూడా నరసయ్యదే.

మాలకొండయ్య కాగితం చదివాడు. "నాలుగు, ఒకటి. ఇంగ ఆఖరిది వచ్చినా రాకపోయినా ఒకటే. అయిపోయింది పందెం."

సుబ్బు మెల్లగా అన్నాడు. "పోనీలే ధనా. రాత బాగుంటదని పొగిడినాడు గదా."

ధనలక్ష్మి లేవబోయింది. పేరమ్మ ఆమె చున్నీ కొస పట్టుకుని కూర్చోబెట్టింది. "ఉండు మే. గేటాయన సంగతి చూసిపోదాం. నీ పంతొమ్మిది మార్కులాయన."

అమ్మకు మార్కులు కూడా గుర్తున్నాయని అప్పుడు తెలిసింది.

స్టేజీ మీద కవరు చింపారు. పేరు పిలిచారు. గోవర్ధనం.

షెల్టర్‌లో ఒక్క నిమిషం ఎవరికీ అర్థం కాలేదు. ఉజ్వల్ తన సీట్లోంచి లేచి చప్పట్లు కొడుతున్నాడు. అందరూ లేస్తున్నారు. కెమెరా వెనక వరసలోకి వెళ్ళి ఒకామె దగ్గర ఆగింది. యాభై అయిదేళ్ళుంటాయి. నేత చీర కట్టుకుంది, భుజానికి బజారుకు తీసుకెళ్ళే గుడ్డసంచిలాంటిది తగిలించుకుంది. ఆమె మెట్లు ఎక్కి, బొమ్మ అందుకుని, మైకు దగ్గర నిలబడింది. మైకు ఎత్తు సరిపోలేదు. ఎవరో వచ్చి వంచారు.

"నాకు మాట్లాడటం రాదండీ. ఆయన పేరు పిలిచారు, నేను వచ్చాను," అంది. ఇంకేదో చెబుదామనుకుని, బొమ్మ బరువు చూసుకుని, దిగిపోయింది.

షెల్టర్‌లో మొదట మాట్లాడింది మాలకొండయ్య. "పోయినాయనకు ఎట్టా ఇచ్చినారబ్బా?"

"యాడ ఇచ్చినారు? పెండ్లానికి ఇచ్చినారు," అంది ఆడవాళ్ళ వైపు నుంచి ఎవరో.

నరసయ్య తువ్వాలు తీసి మళ్ళీ వేసుకున్నాడు. టీవీలో ప్రకటనలు వస్తున్నాయి. వాటినే శ్రద్ధగా చూశాడు. తర్వాత కుర్చీలోంచి వెనక్కి తిరిగాడు.

"అమ్మణ్ణీ. ఆమె కూడా యాక్ట్ చేస్తదా?"

"లేదు పెదనాయనా. మిషన్ మీద బట్టలు కుడతదంట. పేపర్లో వేసినారు."

"మరి ఆమె ఎట్టా తీసుకునింది?"

ధనలక్ష్మికి చెప్పాల్సింది చాలా ఉంది. రెండేళ్ళుగా దాచుకున్నదంతా నోటి దాకా వచ్చింది. కానీ ఓడిపోయిన మనిషి ఎక్కువ మాట్లాడితే బాగుండదు. "ఆయన పని ఆయన చేసే పోయినాడు గదా. ఇంట్లో వాళ్ళు వచ్చి తీసుకున్నారు," అంది.

నరసయ్య కుర్చీలోంచి లేచి ఇంటిదారి పట్టాడు. నాలుగు కుదిరిన మనిషి అలా తల వంచుకుని పోవడం ఊరికి వింతగా తోచింది.

ఆ వారమంతా ఆయన పంచలో కనబడలేదు. పెట్టె కింది నుంచి తండ్రి నాటి పుస్తకాలు తీసి చదువుకుంటున్నాడని, చదవలేక ఎవరినో ఒకర్ని పిలిచి చదివించుకుంటున్నాడని సుబ్బు చెప్పాడు. శనివారం సాయంత్రం పెద్దలు నలుగురూ ఆయన ఇంట్లో కూర్చున్నారట. గొంతులు పెరిగాయట. ఎందుకో సుబ్బుకు తెలియదు.

ధనలక్ష్మి మాట తప్పే మనిషి కాదు. నాయుడుపేటలో గట్టి అట్ట ఉన్న పొడుగు పుస్తకం కొని, ఆదివారం పొద్దున్నే నరసయ్య పంచలో చాప మీద కూర్చుంది. నరసయ్య పాత పుస్తకం కంటికి దగ్గరగా పెట్టుకున్నాడు.

"రాస్తుండావా? తప్పు పోతే మళ్ళీ మొదటి నుంచి. నాలుగు, రెండు తేడాతో ఓడిపోయినావు, గుర్తుండాది గదా?"

"నాలుగు, ఒకటి అనకుండా నాలుగు, రెండు అన్నావు. సంతోషం."

"ఆఖరిది నీదే. కాదనలేదు నేను. రాయి. ఒకటి..."

పేర్లు చెబుతూ పోయాడు. ప్రతి పేరుకూ ఒక వ్యాఖ్యానం. ఈయన వల కట్టడం రాదు, ఈయన వంతు రోజే జ్వరం వస్తుంది, ఈయన నాన్న మంచోడు. ధనలక్ష్మి నవ్వుకుంటూ రాస్తోంది. పదిహేను రాసింది. పదహారు, మాలకొండయ్య. తర్వాత ఏముందో ఆమెకు తెలుసు. పాత పుస్తకంలో ఆ గీత ఎలా ఉంటుందో కళ్ళు మూసుకున్నా కనబడుతుంది. గీత కిందిది పదిహేడో నంబరుగా దిగుతుందని పెన్ను సిద్ధంగా పెట్టుకుంది.

"పదిహేడు," అన్నాడు నరసయ్య. "చెంచయ్య పెండ్లాం పేరమ్మ."

ఆమె రాయలేదు.

"ఏం మే, చెవుడా?"

"పెదనాయనా, పందెం నువ్వు గెలిచినావు."

"గెలిచినా గాబట్టే చెప్తుండా. ఓడిపోయి రాస్తే పందేనికి రాసినాడంటారు. వంతు పందెంలో పెట్టేది కాదని చెప్పినా గదా." పుస్తకం ఒళ్ళో పెట్టుకున్నాడు. "మగాయన పేరే ఉండాలని మొదట ఎవురు రాసినారో చూద్దామని మా నాయన పుస్తకాలన్నీ తిరగేసినా. యాడా రాసి లేదు. ఎవురూ రాయలేదు. మేమే అట్టా అనుకుంటా వచ్చినాం. మాలకొండయ్య ఒకడే రెండు గంటలు అరిచినాడు, వంతు ఒకరోజు వెనక్కి పోతదని. పోతే పోనీ అన్నా."

"ఒక్క పేరుకు రోజంతా ఎందుకు పోతది?"

"ఒక్కటి కాదు. ముందు ముందు ఇంగ రెండొస్తాయి. ముప్పైలో పెంచలమ్మ, ముప్పై ఆరులో ఇంకొకామె. గీతలు కొట్టింది నేనే, మూడూ. నలభై ఒకటి కాదు, నలభై నాలుగు ఇళ్ళు. రాయి మే, ఎండెక్కుతోంది."

ధనలక్ష్మి రాసింది. గుండ్రటి రాతే, కానీ 'పే' దగ్గర పెన్ను ఎక్కువసేపు ఆగి సిరా చిన్నగా మరకైంది. నరసయ్య కళ్ళు ఆనవంటూనే ఆ మరకను చూశాడు.

"కొత్త పుస్తకంలో అప్పుడే మరక. నాకు ఇరవైకి ఎన్ని మార్కులు వేస్తావో గానీ, నీ రాతకు నేను పదే వేస్తా."

"నీకు పంతొమ్మిది పెదనాయనా."

"ఆ ఒకటి ఎందుకు తగ్గించినావు?"

"ఇరవై ఎవురికీ వెయ్యకూడదు."

పుస్తకం పూర్తయ్యేసరికి మధ్యాహ్నమైంది. కొత్త వరస శుక్రవారం నుంచి మొదలన్నాడు నరసయ్య. ఆమె వాకిలి దాటుతుంటే వెనక నుంచి పిలిచాడు. "వచ్చే ఏడు ఉజ్వల్‌దే. ఆరోసారి అవుతది పాపం. రాసి పెట్టుకో."

ఇంటి దగ్గర పేరమ్మ తట్ట కడుగుతోంది. ధనలక్ష్మి ఎదురుగా నిలబడి ఒక్క ముక్కలో చెప్పింది. పేరమ్మ తట్ట బోర్లించింది. చేతులు చీరకు తుడుచుకుంది. రెండోసారి తుడుచుకుంది. వేళ్ళు మడిచి లెక్క పెట్టింది. శుక్రవారం మూడు, శనివారం మూడు...

"పదిహేడంటే బుధవారం పడతది."

"బుధవారం నాకు క్లాసులుండాయమ్మా."

"లీవు పెట్టు," అంది పేరమ్మ. చూరు వైపు తల ఎత్తి, తమ్ముణ్ణి కేకేసింది. "ఒరే సుబ్బూ, వల దించరా. రెండేళ్ళ నుంచి ఎలుకలు ఎన్ని వంతులు తిన్నాయో చూడాల."